ఎముకలోకి దిగని నీలం

వీలావన్ మణికట్టు మీద దారాలు లేవు.

ఇన్‌స్పెక్టర్ ఖాంసింగ్ ఆమె రెండు చేతులూ తిప్పి చూశాడు. గోళ్ళ అంచుల్లో సన్నగా నీలి గీత ఉంది. చేతులు మాత్రం మరీ శుభ్రంగా ఉన్నాయి. స్పిరిట్ పెట్టి తుడిచినట్టు చర్మం తెల్లగా పొడిబారింది. దుప్పటి కప్పి బయటికి వచ్చాడు.

మార్చురీ బయట బెంచీ మీద వీలావన్ తల్లి చంథా కూర్చుని ఉంది. ఒళ్ళో జిగురన్నం పెట్టిన వెదురుబుట్ట. పిల్ల ఆకలితో పోయింది, ముందు అన్నం చూపించాలి అని సోమవారం నుంచీ అదే మాట. ఇవాళ బుధవారం.

ఖాంసింగ్ పక్కన కూర్చుని ఊరి యాసలో అడిగాడు.

"ఆదివారం దారాలు ఎవరు కట్టిండ్రు అక్కా?"

"నేనే కట్టిన సారూ. మా అక్క కట్టింది. పక్కింటోళ్ళు కట్టిండ్రు. పొద్దున పిల్ల మొకం పాలిపోయి వచ్చింది. అన్నం ముంగట కూసోని ఎటో చూస్తది. ప్రాణం బెదిరి ఒంట్లకెళ్ళి ఎటో పోయిందనుకున్నం. తెల్లదారాలు తెచ్చి ముడులేసినం."

"మళ్ళ ల్యాబుకు పోయేటప్పుడు తీసేసిందా?"

"ఎందుకు తీస్తది? మూడు దినాలు ఉంచుకోవాల్నని దానికి తెల్వదా? చేతికి రబ్బరు తొడుగు ఏసుకుంట గద అమ్మా, దాని లోపల ఉంటయి తియ్ అన్నది. చదువుకునేటప్పుడు కట్టినయి పోగులు పోగులై ఊడిపోయేదాక ఉంచుకున్న పిల్ల సారూ."

"కోసేసి ఉంటదంటున్నరు మా పోలీసోళ్ళు."

చంథా అతని ముఖంలోకి చూసింది. "నువ్వు కోస్తవా?"

"కొయ్య అక్కా."

వరండా చివర బూట్ల చప్పుడైంది. రాజధాని బ్యాంకాక్ నుంచి వచ్చిన పోలీసు మేజర్ తనావత్. ఖాంసింగ్ కంటే వయసులో చాలా చిన్న, హోదాలో పెద్ద. చొక్కా మడత నలగలేదు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఇక్కడే కూర్చున్నారా? సంతకం పెడితే ఈవిడ కూతుర్ని ఇంటికి తీసుకుపోతుంది కదా."

"దారాలు దొరకలేదు సార్."

"మళ్ళీ దారాలేనా? వినండి. ట్యాంకు గదిలో నైట్రోజన్ వాల్వు తెరిచి ఉంది. తలుపు వేసి ఉంది. గది నిండా ఆ వాయువు చేరితే పీల్చడానికి గాలి మిగలదు. అలారం చెడిపోయి నెలయిందట. ఇది ప్రమాదం. లేదంటే తనే చేసుకుంది. దారాలంటారా, కత్తిరించి చెత్తబుట్టలో వేసి ఉంటుంది."

"చెత్తబుట్ట వెతికాను. అయినా మా ప్రాంతం వాళ్ళు దారాలు కత్తిరించరు సార్."

"మీవాళ్ళ సంగతి చెప్పకండి. జిగురన్నం తిని తిని బుర్రలు కూడా అంటుకుపోయాయి."

"అంటుకున్నది తొందరగా వదలదు సార్," అన్నాడు ఖాంసింగ్.

తనావత్ నవ్వలేదు. చంథాకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "పదిగంటలకు మంత్రిగారు వస్తున్నారు. ఆ పిల్ల ఆపరేషన్ చూడటానికి. టీవీవాళ్ళు వస్తున్నారు. అప్పటికి ఈ ల్యాబు మీద ఏ మచ్చా ఉండకూడదు. అర్థమైందా?"

ఆ పిల్ల పేరు ముక్దా. పదకొండేళ్ళు. తల్లి లమై బస్టాండు దగ్గర కోళ్ళు కాల్చి అమ్ముతుంది. ఎడమ దవడలో గడ్డ లేచి, ఏడాది కిందట సగం దవడ తీసేశారు. అప్పటి నుంచి ముక్దా మాట తల్లికి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆ దవడ ఆకారంలోనే అచ్చు పోసి, పిల్ల సొంత కణాలు అందులో నాటి, ల్యాబులో కొత్త ఎముక పెంచారు. నాలుగు నెలల కిందట దాన్ని ముక్దా వీపులో, రెక్క ఎముక కింద కండలో దాచారు. ఇవాళ అక్కడి నుంచి తీసి దవడలో అతకాలి. దేశంలో ఇది మొదటిసారి.

వీపులో ఎందుకు దాచారని నిన్న ఖాంసింగ్ అడిగితే, ఆపరేషన్ చెయ్యబోయే డాక్టర్ రతనా ఓపిగ్గా చెప్పింది.

"ఎముక రాయి కాదండీ, అదీ తిండి తింటుంది. నెత్తురే దాని తిండి. రక్తనాళానికి వెంట్రుకవాసి దూరమైతే చాలు, కణం ఆకలితో చస్తుంది. కండలో ఉంటే కండలోని నాళాలు చిగుళ్ళు వేసి ఎముకలోకి పాకుతాయి. అవి నడిమి దాకా వెళితేనే ఎముక బతికినట్టు."

"వెళ్ళాయని ఎలా తెలుస్తుంది?"

"పిల్లను కోసి చూడలేం కదా. అందుకే మేకల వీపుల్లోనూ అలాంటి ఎముకలే పెట్టారు. మేకను నిద్రపుచ్చి, నెత్తురు కడిగేసి, నీలం రంగు ఎక్కిస్తారు. నాళం ఉన్న చోటల్లా నీలం పారుతుంది. మేకల్లో నడిమి దాకా పారిందని, ఈ ల్యాబు నడిపే ఆచార్య థవీ ముక్కలు చూపించారు. ఆ పని చేసేది వీలావనే."

"ఆపరేషన్ ఆలస్యమైతే నష్టమా?"

"ఏముందండీ. వీపులో ఎన్నాళ్ళయినా ఉంటుంది."

ఆ చివరి మాట ఖాంసింగ్ గుర్తు పెట్టుకున్నాడు.

ట్యాంకు గది తలుపు మందం. కణాలను గడ్డకట్టించి ఉంచే స్టీలు ట్యాంకులు నాలుగు. వీలావన్ పడి ఉన్న చోట సుద్దగీత. ఖాంసింగ్ గీత వైపు చూడలేదు. తలుపు లోపలివైపు పిడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీశాడు. పిడి తళతళలాడుతోంది. దాన్ని బిగించిన మరమేకు గాడిలో మాత్రం నీలం ఎండి ఉంది. స్పిరిట్ గుడ్డ అంత లోతుకు పోలేదు.

చావాలని వచ్చిన మనిషి పిడి పట్టుకుని లాగదు. లాగింది. నీలం అంటిన చేతుల్తో లాగింది. తలుపు రాలేదు. బయటివైపు గడియ ఉంది.

ఖాంసింగ్ లేచి ల్యాబు వెనక్కి నడిచాడు.

వెనక మేకల కొట్టం. చూసుకునేది పాన్ మామ. ఇన్‌స్పెక్టరును చూసి బొక్కెన కింద పెట్టాడు.

"మామా, ఆదివారం ఇక్కడెవరన్నా మేకను పట్టుకున్నరా?"

"నేను లేను సారూ. మా ఊర్ల వానల కోసం రాకెట్లు ఎగరేసే పండుగ. మా రాకెట్ లేవలే. రివాజు ప్రకారం నన్నెత్తి బురదల పడేసిండ్రు. ఊరంత నవ్వింది." నవ్వబోయి ఆగిపోయాడు. "సోమారం వస్తే ఒక మేక బల్ల మీద సచ్చి ఉంది. ఆచార్యను అడిగిన. రోగమొచ్చింది, కొలిమిల ఏసి కాలబెట్టు అన్నడు."

"కాలబెట్టినవా?"

"ఎట్ల కాలబెడత? భిక్షువులొచ్చి నాలుగు మాటలు సదవాల్నా వద్దా? మన కోసం సచ్చిన జీవాలయె. నెలకోపారి వస్తరు. అప్పటిదాక ఫ్రీజర్ల ఉంటది. ఆచార్యకు తెల్వదా. మర్సిపోయిండేమో."

ఫ్రీజరు మూత ఎత్తారు. మేక మీద గోనె కప్పి ఉంది. ఖాంసింగ్ గోనె తొలగించాడు. చెవులు నీలం. నాలుక నీలం. కళ్ళ చుట్టూ నీలం. వీపు మీద పొడుగు కోత. అక్కడ ఉండవలసిన ఎముక లేదు.

"గీ మేక ఎముక ఎంత కాలం నాటిది మామా?"

"పిల్లకు పెట్టిన్నాడే దీనికీ పెట్టిండ్రు సారూ."

కొట్టం పక్కన స్తంభం మీద చిన్న గుడి ఉంది. చచ్చిన మేకల కోసం ల్యాబువాళ్ళు పెట్టుకున్నది. లోపల నైవేద్యంగా పెట్టిన ఎర్ర సోడా సీసా, అందులో గొట్టం, వాడిన బంతిపూల దండ. ఖాంసింగ్ దండ పైకెత్తాడు.

దండ వెనక మేకుకు దారాలు వేలాడుతున్నాయి. గుప్పెడు. తెల్లటివి కావు, నీలం పీల్చుకుని ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు. ప్రతి ముడినీ గోటితో పట్టి పట్టి విప్పి, కొసలు కలిపి, ఎత్తున వేలాడదీశారు. కట్టిన దారం తీసేవాళ్ళు అలాగే తీస్తారు. తొక్కే చోట వెయ్యరు.

చంపినవాడికి వీటిని కాల్చెయ్యడం తేలిక. చెయ్యలేకపోయాడు.

వెంటనే డాక్టర్ రతనాకు ఫోన్ చేశాడు. "ఆపరేషన్ ఆపండి. ఆదివారం వీలావన్ మేకకు నీలం ఎక్కించి చూసింది. చూసినదాన్ని ఎవరో మాయం చేశారు. ఆ ఎముక నడుమ బతికి ఉందని నమ్మకం లేదు."

ఫోన్ పెట్టేసరికి తనావత్ వెనక ఉన్నాడు.

"ఎవరి ఆజ్ఞ ఇది?"

"నాదే సార్. రాసుకోండి."

"రాసుకుంటాను. మీ పింఛను కాగితం మీద కూడా రాస్తాను. ఏముంది మీ చేతిలో? చచ్చిన మేక, నాలుగు దారప్పోగులు. దానికి మంత్రిని వెనక్కి పంపిస్తారా? ఆ పిల్ల ఏడాదిగా ఈ రోజు కోసం చూస్తోంది."

"పిల్ల వీపులో ఎన్నాళ్ళయినా ఉంటుందట సార్. దవడలో పెట్టాక నడుమ కుళ్ళితే, మెడలో పెద్ద నెత్తుటి నాళం పక్కనే. అది తెగితే మీరూ నేనూ చెయ్యగలిగింది లేదు."

తనావత్ దారాల వైపు చూశాడు. మొదటిసారి సరిగా చూశాడు. "విప్పారు," అన్నాడు.

"అవును సార్."

"అయితే ఈ మేకలవాడే."

"ఆదివారం ఈయన బురదలో ఉన్నాడు. ఊరంతా సాక్ష్యం."

"మరి ఆ ల్యాబు తాళాలున్న మీ ప్రాంతం మనిషి ఇంకెవరున్నారు? అందరూ మావైపు వాళ్ళేగా."

"ఆచార్య థవీ బ్యాంకాక్ మాట మాట్లాడతాడు సార్. పుట్టింది మాత్రం మా రోయెట్ జిల్లాలో, పొలం గట్టున."

పదమన్నట్టు తనావత్ పక్కకు తప్పుకున్నాడు.

ఆచార్య థవీ తన గదిలో తెల్లకోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. సన్నటి మనిషి, అరవై దాటలేదు. ఆపరేషన్ ఆగిందని అప్పటికింకా అతనికి తెలియదు. తనావత్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఖాంసింగ్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఆదివారం సాయంత్రం ఎక్కడున్నారు గురువుగారూ?"

"ఇంట్లో. చెప్పాను కదా."

"మేకకు నీలం ఎక్కించింది ఎప్పుడు?"

"పోయిన నెల. తర్వాత ఎక్కించలేదు."

"ఫ్రీజర్లో ఉన్న మేక నాలుక నీలంగా ఉంది. మీరు కాల్చమన్న మేకే."

థవీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వీలావన్ నాకు చెప్పకుండా చేసి ఉండాలి. తొందర మనిషి. తెలివైన పిల్లే కానీ..." ఆగిపోయాడు.

ఖాంసింగ్ ఫోన్ మోగింది. డాక్టర్ రతనా. ఖాంసింగ్ విని, "సరే అమ్మా," అని పెట్టేశాడు. వరండాలో ఎవరో నర్సు నోరు జారిందట. పోలీసులు ఆపారు, ఎముక చచ్చిందట అని. లమై పిల్లకు గౌను విప్పి, తన బట్టలు తొడిగి, ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయిందట. భయం తగ్గాక వస్తుందిలెండి అంది రతనా. ఖాంసింగ్ మనసులో ఏదో బరువు దిగింది. పిల్ల బల్ల మీద లేదు. అంతవరకు చాలు.

జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు.

థవీ వాటిని చూశాడు. చూసి కిటికీ వైపు తిరిగాడు.

"తల్లి వేసిన ముడి గట్టిగా ఉంటుంది," అన్నాడు ఖాంసింగ్. "చల్లబడ్డ చేతి మీద విప్పడం ఇంకా కష్టం. పక్క బల్ల మీద కత్తెర ఉంది. నేను చూశాను."

ఖాంసింగ్ యాస మార్చాడు.

"కత్తెర ఎందుకు పట్టలే అన్నా?"

థవీ కిటికీ వైపు నుంచి తిరగకుండానే మాట్లాడాడు. తలుపు దగ్గరున్న తనావత్ తల ఎత్తాడు. ఆ గొంతులో బ్యాంకాక్ లేదు.

"ఎట్ల పడతనే... అమ్మ కట్టిన దారమాయె."

"మొదటి నుంచి చెప్పు."

"పొద్దు గూకక ముందు ఫోన్ చేసింది. ఉరికొచ్చిన. మేకల నుంచి ఎముక తీసి నడిమికి కోసి పెట్టింది. అంచు పొంటి నీలం ఉంది. గోరు మందం. లోపలంత తెల్లగ. సుద్ద ముక్క లెక్క. నెత్తురు ఒక్క పోగు పోలే."

"డాక్టరమ్మకు చూపించిన ముక్కలు?"

"అంచుల కెళ్ళి కోసినయి. అబద్ధం ఆడుతున్న అనుకోలే నేను. అంచుల దాక వచ్చింది, లోపలికి రాకపోతదా, ఇంకిన్ని దినాలైతే పోతది అనుకున్న. ఇరవై ఏండ్ల సంది అదే అనుకుంటున్న."

"వీలావన్ ఏమన్నది?"

"ఇప్పుడే డాక్టరమ్మకు చెప్తనన్నది. ఎముక మళ్ళ పెంచాలె, పిల్ల కణాల సీసా తీసుకొస్త అని ట్యాంకు గదిలకు పోయింది. నేను బయట గడియ పెట్టిన." థవీ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "చంపుదామని కాదు. గింత సేపు ఆగితే డీన్‌తోని మాట్లాడి మెల్లగ వాయిదా ఏపిద్దామని. ట్యాంకులు వాటంతటవే నింపుకునే టైమని యాదికి రాలే. నింపుకునేటప్పుడు ఆవిరంత గదిలకే వస్తది. అలారం నేనే తీసేయించిన. ఊకె మొత్తుకుంటుందని."

"తలుపు కొట్టిందా?"

"కొట్టింది."

"విన్నవా?"

"విన్న. కోపంతోని కొడుతుందనుకున్న. తర్వాత ఆపింది. శాంతించింది అనుకున్న."

తనావత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వాల్వు నేనే తెరిచిన, ప్రమాదమనుకోవాల్నని. చేతులు తుడిచిన. తొడుగు లోపలికి కారి దారాలకు ఎక్కిన నీలం పోలే. ఒక్కొక్క ముడి విప్పుకుంట కూసున్న. నా దగ్గరకు పద్దెనిమిదేండ్లప్పుడు వచ్చింది ఆ పిల్ల. రబ్బరు తొడుగు ఏసుకోవడం కూడ నేనే నేర్పిన."

ఖాంసింగ్ పొట్లం మడిచాడు. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు.

"ఒక్క మంచి అయింది అన్నా. వీలావన్ ఆపాలనుకున్నది ఆగింది. ముక్దాను బల్ల ఎక్కనియ్యలే. తల్లి తీసుకపోయింది."

థవీ కుర్చీలోంచి లేచాడు. "ఏడికి?"

"ఇంటికి. ఇప్పుడే ఫోన్ వచ్చింది."

"ఆపరేషన్ ఆపిండ్రా?" అతని ముఖంలో మిగిలిన నెత్తురు కూడా పోయింది. "ఎందుకు ఆపిండ్రు? కోస్తే డాక్టరమ్మ చూసేది. చూస్తే తీసేసేది. నా నోటితోని చెప్పలేక దాని కోసమే ఎదురు చూస్తున్న నేను."

"ఎన్నాళ్ళయినా ఉంటదన్నది గద డాక్టరమ్మ?"

"ఆమెకు తెల్వదు. పిల్లకు శుక్రారం సంది జ్వరం. వీపు మండుతుందని వీలావన్ చేతిల వేలితోని రాసి చూపిచ్చింది. వీలావన్ మేకను కోసింది అందుకే. ఎముక నడుమ చచ్చి కుళ్ళుతుంది సారూ. నర్సు వచ్చి జ్వరం చూసే ముందల్లా నేనే పోయి గోలీ ఇస్తున్న. ఇయ్యాల పొద్దుగాల ఇచ్చిందే ఆఖరిది. దాని బలం దిగితే..." బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇయ్యాలనే కోసి తియ్యాలె. రేపటికి ఆగది."

అప్పటికే తనావత్ వరండాలో పరుగెడుతున్నాడు. వాకీటాకీలో అరుస్తున్నాడు. మంత్రిగారి ముందు నడిచే బండ్లన్నీ తిప్పండి, బస్టాండుకు, తూర్పు రోడ్డుకు, ఎవరడిగినా నా పేరు చెప్పండి అంటున్నాడు.

ఖాంసింగ్ లమైకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మూడోసారి ఎత్తింది. పోలీసునని చెప్పాడు. వెనక బస్సు ఇంజను మోత.

"నువ్వేనా ఆపించిన పోలీసోడివి?" అంది లమై. గొంతు బొంగురుగా ఉంది. "ఇంక మమ్మల్ని ఇడిసిపెట్టు సారూ. ఏడాది సంది ఇయ్యాల పాట పాడుత, ఇయ్యాల పాట పాడుత అని వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఏమని చెప్పాలె దానికి?"

"అక్కా, తిట్టు నన్ను. తర్వాత తిట్టు. ఏ బస్సుల ఉన్నరు? ఏ ఊరు దాటిండ్రు?"

"ఊరు కనబడ్తలేదు, అంతా పొలాలే. మెల్లగ మాట్లాడు. పండుకుంది. రాత్రి సంది నిద్ర లేదు దానికి. నా మీద ఒరిగి ఇప్పుడే పండుకుంది."

"ఒళ్ళు ఎట్లున్నది?"

"ఎచ్చగున్నది. బస్సుల ఉక్కపోత గదా."

"లేపు అక్కా."

"ఎందుకు లేపాలె?"

"నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి లేపి చూడు. పలుకుతదా చూడు."

లమై ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. బట్టల రాపిడి వినిపించింది.

"ముక్దా," అంది. "బిడ్డా."

మొదట మెల్లగా పిలిచింది. తర్వాత గట్టిగా పిలిచింది. ఇంజను మోత ఆగింది. ఆ తర్వాత బస్సులో ఉన్నవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు ఆ పేరు పెట్టి పిలవసాగారు.